కారు రవాణా: న్యాయమైన బాడుగ



కారును లారీపై వేరొక ఊరికి పంపుటకు ఎంత బాడుగ న్యాయమనునది నేటి ప్రసంగవిషయము. హైదరాబాదులోనో ఢిల్లీలోనో ఉద్యోగము చేయుచున్న కుమారునికి ఇంటి కారును పంపవలసిన కుటుంబములు మన గోదావరి సీమలో పెక్కు కలవు. ముగ్గురు రవాణాదారుల నడిగినచో మూడు ధరలు చెప్పుదురు. వానిలో న్యాయమైనదేదో తేల్చు భారము ఇంటిపెద్దపై బడును.

ఈ లెక్క మనకు క్రొత్తది కాదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప మన కాలువలు పొలములకు నీటినే గాక పడవలకు దారినిగూడ నిచ్చినవి. ధాన్యము దింపిన పడవకు తిరుగు సరుకు దొరికినచో బాడుగ తగ్గించుకొనవచ్చును. వట్టి పడవను ఎదురునీట త్రాటితో లాగించుకొని రావలసినచో, ఆ కూలియు పోవునప్పటి సరుకుపైననే పడును. లారీకిని ఇదియే న్యాయము.

ఉదాహరణము చెప్పెదను. ఈ అంకెలు లెక్క తెలియుటకు మాత్రమే. రాజమహేంద్రవరమునుండి హైదరాబాదునకు సుమారు 400 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణపు భారముతో గూడ లారీకి 40,000 రూపాయలు కావలెననుకొందము. 8 కార్లెక్కినచో ఒక్కొక్కదానికి 5,000 పడును. 5 మాత్రమే యెక్కినచో 8,000 పడును. కావున లారీ నిండువరకు వేచియుండువానికి తక్కువయు, రేపే పంపవలెననువానికి ఎక్కువయు అగుట మోసము కాదు. మరియు కోనసీమ కాలువగట్ల యిరుకు దారులలోనికి పెద్ద లారీ రాజాలదు. కారును మనమే జాతీయ రహదారివరకు నడిపించి యప్పగించినచో ఆ వ్యయము మిగులును.

చెప్పిన ధరను తూచుటకు మరియొక త్రాసు కలదు. లీటరునకు 16 కిలోమీటర్లు నడచు కారునకు ఆ 400 కిలోమీటర్లకు 25 లీటర్ల పెట్రోలు చాలును. దాని వెలకు డ్రైవరు కూలి, భోజనము, తిరుగు ఛార్జి, టోలుసుంకము కలుపుడు. లారీ బాడుగ దీనికంటె మిక్కిలి హెచ్చైనచో కారణ మడుగవలెను. ఢిల్లీవంటి దూరమునకైనచో డ్రైవరు దినములు, బసలు, కారు అరుగుదల పెరుగును గనుక లారీయే మేలు కావచ్చును.

అతి చౌకయు అపాయమే. నేనెరిగిన యొక రైతు అందరికంటె తక్కువ చెప్పినవానికి బయానా యిచ్చెను. కారు చేరిన పిమ్మట దింపుడు కూలి యని, పన్ను అని మరల సొమ్మడిగి, అది చెల్లించువరకు తాళపుచెవి యీయలేదు. కావున ఏయే ఖర్చులు ధరలో చేరినవో ముందే కాగితముపై వ్రాయించుకొనుడు. అప్పగించునపుడు కారు నలుప్రక్కల ఫోటోలు తీయించుడు.

ముఖ్యమైన సంగతి యింకొకటి కలదు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టము, 2011 నాటి దాని నిబంధనల ననుసరించి, నష్టము కలిగినపుడు రవాణాదారుని బాధ్యత సాధారణముగా బాడుగకు పదిరెట్లకు మించదు. 8,000 బాడుగకు 80,000 మాత్రమే! 5 లక్షల కారునకు ఇది యేమూలకు? వాహనపు విలువను పత్రములో వ్రాయించి, అధిక బాధ్యతకు తగిన హెచ్చు ధరను ఒప్పుకొనుడు. లేదా ప్రయాణపు బీమా చేయించుడు. దావా వేయవలసివచ్చినచో, దానికి ముందుగా, బుకింగు దినమునుండి 180 దినములలోపల, వ్రాతమూలకముగా నోటీసు అందజేయవలెను.

దూరము, తిరుగు సరుకు, తోడి కార్లు, అప్పగింతచోటు, బీమా అను నీ యైదింటిని విచారించిన పిమ్మటనే బేరమునకు దిగుడు.