చాంబరు బోల్టు - చెడిన మరకు మరమ్మతు

డీజిలు ఇంజను అడుగున నూనె నిలువయుండు తొట్టి ఒకటి కలదు. పుస్తకములలో దానిని సంప్ అందురు. మన షెడ్లలో దానికి చాంబరు అని పేరు. పాడైన నూనెను దింపుటకై చాంబరు అడుగున ఒక రంధ్రమును, దానిని మూయుటకు మరలు గల ఒక ప్లగ్గును అమర్తురు. ఇంజను భాగములలో మిక్కిలి చవుకైన వస్తువులలో ఇది ఒకటి. కాని ఇంజను నడచుచుండగా ఇది ఊడి పడినచో కొద్దిసేపటిలోనే చాంబరు ఖాళీ యగును. నూనె పంపు గాలిని పీల్చును. క్రాంకు షాఫ్టునకు, బేరింగులకు నడుమనుండు పలుచని నూనె పొర తెగిపోవును. అంతట లోహము లోహమును ఒరసికొని, వేడెక్కి, ఒకదానినొకటి పట్టుకొనును. చేనికి నీరు పెట్టు ఇంజనుగాని, ధాన్యము తోలు ట్రాక్టరుగాని ఇట్లు పట్టివేసినచో ఆ రైతు ప్లగ్గు వెలకు ఎన్నియో రెట్లు ఖర్చు పెట్టవలసియుండును. అదనుకు పని ఆగిన నష్టము వేరు.

పాత ఇంజనులలోనే ఈ చిక్కు ఎక్కువగా ఏల కనబడును? 250 గంటలకొకసారి నూనె మార్చు ఇంజను 10,000 గంటలు పనిచేయునప్పటికి దాని ప్లగ్గు 40 మారులు ఊడదీసి బిగింపబడును. ఆ నలుబదింటిలో ఒక్కమారు వంకరగా ఎక్కించినను, ఒక్కమారు పానాకు గొట్టము తొడిగి బిగించినను చాలును.

బిగించునప్పుడు జరుగునదేమో కొంచెము లెక్క వేసి చూతము. లంబకోణ త్రిభుజాకారపు కాగితమును పెన్సిలుకు చుట్టినచో దాని వాలు అంచు మరగా కనబడును. అనగా మర యనునది చుట్టబడిన వాలుతలమే. ఒక చుట్టు తిరిగినప్పుడు మర ముందుకు జరుగు దూరమే మర అంతరము. స్క్రూగేజి వాడిన విద్యార్థులకు ఇది తెలిసినదే. 14 మిల్లీమీటర్ల వ్యాసము, 1.5 మిల్లీమీటర్ల మర అంతరము గల ప్లగ్గును తీసికొందము. దీనిని 20 సెంటీమీటర్ల పానాతో 20 కిలోల బలముపెట్టి బిగించుచున్నామనుకొనుడు. చేయి ఒక చుట్టు తిరిగినచో సుమారు 1,257 మిల్లీమీటర్లు పోవును; ప్లగ్గు 1.5 మిల్లీమీటర్లు మాత్రమే జరుగును. కావున ఘర్షణయే లేనిచో మన 20 కిలోలు దాదాపు 16,750 కిలోల బిగువుగా మారవలెను! నిజముగా కలుగునది సుమారు 1,400 కిలోలు మాత్రమే. అనగా మన శ్రమలో పన్నెండవ వంతు మాత్రమే ప్లగ్గును బిగించుటకు ఉపయోగపడినది. మిగిలిన పదునొకండు పాళ్లను ప్లగ్గు తల క్రింద, మరలలోపల ఘర్షణ మింగివేసినది.

ఈ లెక్కనుండి మెకానిక్కులు సామాన్యముగా తలంపని సంగతి ఒకటి బయటపడును. ఈ ప్లగ్గు మరలు ఎల్లప్పుడు నూనెతో తడిసియుండును. పొడి మరలకంటె తడి మరలలో ఘర్షణ తక్కువ. ఘర్షణ గుణకము నాలుగవ వంతు తగ్గినచో అదే చేతిబలమునకు బిగువు నూటికి 30 పాళ్లవరకు పెరుగును. చేతికి తెలియునది తిప్పుటకు పట్టు బలమే గాని, మరలపై పడు బిగువు కాదు. అందుచే చేయి ఎంత అనుభవము గలదైనను, ఇచ్చట దానిని పూర్తిగా నమ్మరాదు. ఇక పానాకు గొట్టము తొడిగి పిడిని 60 సెంటీమీటర్లు చేసినచో బిగువు మూడు రెట్లగును.

ఆ బిగువు మరచుట్టులన్నింటిపై సమముగా పడునని కూడ తలంపరాదు. ప్లగ్గు తలకు దగ్గరగానున్న మొదటి చుట్టే మొత్తములో సుమారు మూడవ వంతు మోయును. అది తెగినచో భారము రెండవదానిపై పడును; అట్లే వరుసగా తెగును. చాంబరు పోత ఇనుముతో చేసినదైనచో మరలు కొంత గట్టిగా నిలుచునుగాని, పెళుసు గనుక పెచ్చులుగా రాలును. అల్యూమినియము పోత చాంబరైనచో ఉక్కు ప్లగ్గు ముందు అది నిలువజాలదు. మరలు ప్లగ్గుకే అంటుకొని వెండి దారమువలె బయటకు వచ్చును. వెల తక్కువ ప్లగ్గు మెత్తగాను, వెల ఎక్కువ చాంబరు గట్టిగాను ఉండవలసినది. దీనికి తలక్రిందులుగా చేసియుండుట నిర్మాతల లోపమనియే చెప్పవలెను.

మరమ్మతునకు ముందు ఆ మర ఏ జాతిదో కనుగొనవలెను. పాత ఇంజనుల విషయమున ఇది చిన్న పని కాదు. 1841లో ఇంగ్లండున జోసఫ్ విట్‌వర్తు 55 డిగ్రీల కోణము గల మరను ప్రమాణముగా ప్రతిపాదించెను. 1864లో అమెరికాయందు విలియం సెల్లర్సు 60 డిగ్రీల మరను ప్రతిపాదించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఈ భేదము మిత్రరాజ్యములకు చాల ఇబ్బంది కలిగించెను. 1948లో బ్రిటను, అమెరికా, కెనడాలు 60 డిగ్రీలతో ఏకీకృత మరను ఒప్పుకొన్నవి. మెట్రికు మర కోణము కూడ 60 డిగ్రీలే. మన దేశము 1956 నాటి చట్టముతో మెట్రికు పద్ధతికి మారినది గనుక, మన యొద్దనున్న పాత ఇంజనులలో అన్ని జాతుల మరలును కనబడును. అర అంగుళపు విట్‌వర్తు మరకు అంగుళమునకు 12 చుట్టులు. అదే వ్యాసము గల అమెరికా ముతక మరకు 13. ఒకదానిలో మరియొకటి రెండు మూడు చుట్టులు సుళువుగా ఎక్కి, పిమ్మట బిగియును. అచ్చటనే పానా వేసి బలవంతము చేయుదురు! గొట్టపు మరలు ఇంకను విచిత్రము. అర అంగుళపు బ్రిటిషు గొట్టపు మర బయటి వ్యాసము దాదాపు 21 మిల్లీమీటర్లు; ఆ అర అంగుళము గొట్టపు లోపలి కొలతనుబట్టి వచ్చిన పేరు. కావున వెర్నియరుతో వ్యాసమును, మరగేజితో అంతరమును కొలిచిన పిమ్మటనే ట్యాపు చేతబట్టవలెను.

మొదటి చుట్టు రెండు మాత్రమే నలిగినచో అదే కొలత ట్యాపును నిదానముగా నడిపి మరలను సరిచేయవచ్చును. అన్నియు పోయినచో, గోడ మందము చాలినయెడల, 14.5 మిల్లీమీటర్ల బరమాతో తొలిచి 16 మిల్లీమీటర్ల మర వేసి పెద్ద ప్లగ్గు పెట్టుట సులభమైన మార్గము. తన మరను తానే కోసికొనుచు పోవు ప్లగ్గులు అంగళ్లలో దొరకును. అవి తాత్కాలికముగా పనికివచ్చునుగాని, ఊడదీసినప్పుడెల్ల మరికొంత లోహమును కోయును. వాటిని నేను మెచ్చను.

అన్నింటికంటె మేలైనది తొడుగు మర. తుప్పుపట్టని ఉక్కుతీగను సమచతుర్భుజాకారపు కోతతో తీసి, స్ప్రింగువలె చుట్టెదరు. రంధ్రమును తొలిచి, దానికై ప్రత్యేకించిన ట్యాపుతో దాదాపు 16 మిల్లీమీటర్ల మర వేసి, ఈ చుట్టను అందులోనికి తిప్పి దింపుదురు. చుట్ట స్వేచ్ఛగా ఉన్నప్పుడు రంధ్రముకంటె కొంచెము పెద్దది గనుక లోపల వ్యాకోచింపజూచి, గోడను ఒత్తుకొని నిలుచును. దాని లోపలివైపు మరల 14 మిల్లీమీటర్ల మరయే ఏర్పడును. పాత ప్లగ్గే పనికివచ్చును. అల్యూమినియములోని మర వ్యాసము ఏడింట ఒక పాలు పెరిగినది గనుక పట్టు మొదటికంటె ఎక్కువ. ఉక్కుపై ఉక్కు తిరుగును గనుక అరుగుదలయు తక్కువ. చుట్ట పైకొన ఉపరితలమునకు అరచుట్టు మొదలు ఒకచుట్టు వరకు లోపలనే ఉండవలెను. లేనిచో వాషరు సరిగా కూర్చొనదు. నూనెను ఆపునది మరలు కావు, వాషరే. కాబట్టి వాషరు 16 మిల్లీమీటర్ల రంధ్రమును పూర్తిగా కప్పునంత వెడల్పుగా ఉండవలెను.

ట్యాపు నిటారుగా నడువవలెను. రెండు మూడు చుట్టులు పోయిన పిమ్మట మూలమట్టము పెట్టి రెండు దిక్కులనుండి చూడవలెను. అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనుకకు త్రిప్పుచు పోయినచో రజను తెగును. చాంబరును విప్పి బల్లపై పెట్టి చేయుటయే శ్రేష్ఠము. రజను ఇంజనులో మిగిలినచో బేరింగులను గీరివేయును. చుట్టను దింపుటకు పట్టుగానుండు చిన్న నాలుకను తుదకు విరిచి తీయుదురు. అది లోపల పడిపోకుండ చూచుకొనవలెను. విప్పుటకు వీలులేనిచో ట్యాపు గాళ్లలో గ్రీజు నింపి, మాటిమాటికి తీసి తుడువవలెను. పిమ్మట కొంచెము శుభ్రమైన నూనెను పైనుండి పోసి రంధ్రముగుండ కారనీయవలెను.

రాగి వాషరును గూర్చి ఒక మాట. ఒకసారి నలిగిన రాగి గట్టిపడును. దానినే మరల వేసినచో నూనె కారును, కారుచున్నదని మరింత బిగింతురు, మరలు పోవును. చాల ప్లగ్గుల చరిత్ర ఇదే. వాషరును మందమైన ఎరుపు వచ్చునంతవరకు కాల్చినచో రాగి తిరిగి మెత్తబడును. నీటిలో ముంచి చల్లార్చినను ఉక్కువలె గట్టిపడదు. ఈ రెంటి తేడాను ఒక రాగి తీగతోను, ఒక రంపపు బ్లేడు ముక్కతోను తరగతిలో చూపవచ్చును.

పని ముగిసిన పిమ్మట ప్లగ్గును ముందు వ్రేళ్లతోనే చివరివరకు ఎక్కించి, తయారీదారు చెప్పిన కొలతకు టార్కు పానాతో బిగింపవలెను. నూనె పోసి, ఇంజనును వేడెక్కువరకు నడిపి, అడుగున తెల్లకాగితము పరచి చూడవలెను. వేడికి అల్యూమినియము ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచించును గనుక, చల్లగానున్నప్పుడు కనబడని కారుట అప్పుడు బయటపడవచ్చును. మరునాడు ఉదయము కాగితమును మరియొకసారి చూచిన తరువాతనే బండిని పొలమునకు పంపవలెను.