రోగం ఎలా పుడుతుందో వెతికే చదువు

మన ట్రస్టుకు వచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులలో ఇంజనీరింగు, బి.కాం., నర్సింగు చదువుల వారే ఎక్కువ. అయితే సూలూరు నుండి, చుట్టుపక్కల ఊళ్ళ నుండి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ ముగించిన పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, "పిహెచ్.డి. చేస్తాం" అని అడగడం ఇప్పుడు చూస్తున్నాం. ఇంట్లో పెద్దలకు ఇది మింగుడు పడటం లేదు. ఇన్నేళ్ళు చదివింది చాలదా, ఇంకా అయిదేళ్ళా? ఖర్చు ఎవరు పెడతారు? పోనీ డాక్టరు అవుతుందా అంటే మందు రాసిచ్చే డాక్టరూ కాదే! ఈ సందేహాలు న్యాయమైనవే. నేను కామర్సు చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి గనుక సైన్సు సంగతులను నాకు అర్థమైన భాషలోనే చెబుతాను. తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని పిల్లలకు పెద్దలు చదివి వినిపించవలసిందిగా మనవి.

ముందు మనకు తెలిసిన జబ్బునే తీసుకుందాం. స్పిన్నింగు మిల్లుల్లో బ్లో రూములో, కార్డింగులో ఏళ్ళ తరబడి పనిచేసిన వారికి ఛాతీ బిగుసుకుపోయి ఊపిరాడని బాధ ఒకటి వస్తుంది. దానికి బిస్సినోసిస్ అని పేరు. విచిత్రమేమంటే, వారపు సెలవు ముగించుకుని మళ్ళీ పనిలో దిగిన రోజునే ఇది ఎక్కువగా ఉంటుంది. అందుకే ఇంగ్లీషు వాళ్ళు దీన్ని సోమవారపు జ్వరం అన్నారు. వైద్యుడు రోగిని చూసి మందు ఇస్తాడు, దుమ్ముకు దూరంగా ఉండమంటాడు. పరిశోధకుడి ప్రశ్న వేరు. దూది పడలేదా, దూదిని అంటుకుని వచ్చిన మరేదైనానా? పత్తి మొక్క మీద బ్రతికే కొన్ని బాక్టీరియాల పైపొరలో ఎండోటాక్సిన్ అనే పదార్థం ఉంటుంది. దుమ్ముతోపాటు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్కడ కాపలా కాసే కణాలు దాన్ని శత్రువుగా గుర్తించి రసాయన సంకేతాలు పంపితే, తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చి పడతాయి. గాలి గొట్టాలు వాచి ఇరుకవుతాయి. ఇంతకీ ఆ కణం ఎండోటాక్సిన్‌ను ఎలా గుర్తుపడుతుంది? దాని మీద ఉన్న టిఎల్‌ఆర్-4 అనే ప్రోటీన్ ద్వారా అని 1998లో అమెరికాలో బ్రూస్ బ్యూట్లర్ బృందం ఎలుకలలో నిరూపించింది. ఆ పరంపరలోని పనికి ఆయన 2011లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. కణం, కణంలోని అణువు దాకా దిగి రోగం నడిచే దారిని ఇలా ఒక్కొక్క అడుగుగా పట్టుకోవడమే ఈ పిహెచ్.డి. పిల్లలు చేసే పని. ఒక్కరే మొత్తం దారి కనిపెట్టరు. ఒక పిహెచ్.డి.కి ఒక అడుగు చాలు.

ఈ దారిలో నడిచిన మన తెలుగువారిలో ముందుగా చెప్పవలసిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషను మూడోసారికి గట్టెక్కారు. మార్కులు తక్కువని పిల్లల్ని తిట్టే తండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి మనిషి క్షీణించిపోయే జబ్బు అది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడుక్కున్నందుకు ఆంగ్లేయ ప్రొఫెసరు ఆగ్రహించగా, ఆయనకు పూర్తి డిగ్రీకి బదులు ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టే దక్కింది. మామగారు సమకూర్చిన డబ్బుకు తోడు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ అనే ధర్మసంస్థ చేయూతనిస్తే 1922లో ఓడ ఎక్కి బోస్టన్ చేరారు. ఒక ట్రస్టు డబ్బు ఎంత దూరం పోతుందో మన కమిటీవారు కూడా గమనించగలరు. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేస్తూ చదువుకున్నారు. 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతిని ప్రొఫెసర్ ఫిస్కేతో కలిసి ప్రకటించారు. ఆ పద్ధతి నేటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతోనే పాఠ్యపుస్తకాలలో ఉంది. 1929లో ఎటిపి అనే పదార్థాన్ని కండరంలో గుర్తించారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దాన్ని విడిగా కనిపెట్టారు. మాలాంటి వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే, కణం లోపల చెల్లుబాటయ్యే రొక్కం ఎటిపి. తిండి ఫిక్స్‌డ్ డిపాజిట్ వంటిది. దాన్ని ఎటిపిగా మారిస్తేనే కణానికి ఖర్చుపెట్టడం వీలవుతుంది. 1930లో హార్వర్డు ఆయనకు పిహెచ్.డి. ఇచ్చింది.

1940లో లెడర్లీ కంపెనీలో చేరాక ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. తోబుట్టువులను పొట్టనబెట్టుకున్న స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అదే మందయింది. కణం విభజన చెందడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి గదా, మరి దాన్ని పోలిన దొంగ అణువును ఇచ్చి కాన్సర్ కణాన్ని ఆపవచ్చునా? ఈ ఆలోచనతో తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్ పిల్లలకు ఇచ్చి, కొందరిలో తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కు తగ్గడం చూసి 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. బోదకాలుకు నేడు ప్రభుత్వం ఊళ్ళలో పంచే డిఇసి మాత్ర కూడా సుబ్బారావు ప్రయోగశాల నుండి వచ్చిందే. తిరిగి ఇండియా రాకుండానే 1948 ఆగస్టులో 53 ఏళ్ళకు కన్నుమూశారు.

మదురైలో 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి చేతివేళ్ళు కీళ్ళవాతంతో వంకరపోయిన సంగతి మనలో చాలామందికి తెలుసు. ఆయనకు యౌవనంలో వచ్చిన రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కు ఈనాడు డాక్టర్లు ముందుగా ఆలోచించే మందు ఆ మెథోట్రెక్సేటే. పరిశోధన ఫలితం ఎప్పుడు, ఎవరికి, ఏ రోగానికి అక్కరకొస్తుందో మొదలుపెట్టిన రోజున ఎవరూ చెప్పలేరు. అరవింద్ వారికి మదురైలోనే కంటి జబ్బుల మూలాలు వెతికే పరిశోధన సంస్థ ఉంది. చెన్నైలో క్షయ పరిశోధన సంస్థ, వెల్లూరులో సి.ఎం.సి., బెంగుళూరులో ఐ.ఐ.ఎస్సి., హైదరాబాదులో సి.సి.ఎం.బి. అన్నీ రైలెక్కితే చేరే దూరమే. అమెరికా దాకా పోవలసిన అగత్యం లేదు.

ఇక డబ్బు సంగతి. సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వచ్చిన వారికి 2023 జనవరి నుండి మొదటి రెండేళ్ళు నెలకు రూ. 37,000, ఆ తర్వాత రూ. 42,000, దానికి తోడు ఇంటి అద్దె భత్యం నిర్ణయించారు. ఇది అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు. నెట్‌లో కేవలం లెక్చరర్‌షిప్ అర్హత వస్తే ఈ డబ్బు రాదు, ఈ తేడా తెలియక మోసపోకూడదు. ఫెలోషిప్పు లేకుండా చేతిడబ్బుతో పిహెచ్.డి.లో చేరడాన్ని నేను సమర్థించను. ఇంకో మాట: మొదటి విడత బ్యాంకు ఖాతాలో పడటానికి నెలలు పట్టవచ్చు. ఆరు నెలల హాస్టలు ఖర్చు చేతిలో ఉంచుకునే చేరాలి.

యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. ఆడపిల్లలకు మరి రెండేళ్ళ సడలింపు ఇవ్వవచ్చు, ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం మీద 240 రోజుల వరకు ఉంటుంది. పెళ్ళి సంబంధం చూసేవారు ఈ సంగతి వియ్యాలవారికి ముందే చెబితే తర్వాత మాట రాదు. కష్టం లేదని మాత్రం చెప్పను. ఆరు నెలలు పెంచిన కణాలు ఒక్క రాత్రిలో బూజు పట్టి పాడైపోవచ్చు. అనుకున్న ఫలితం రాకపోవడమే ఎక్కువ. అందుకని గైడును ఎంచుకునేటప్పుడు ఆయన పేరుప్రతిష్ఠలకన్నా, ఆయన దగ్గర చేరినవాళ్ళలో ఎంతమంది ముగించారు, ఎన్నేళ్ళలో ముగించారు, ఇప్పుడు ఎక్కడున్నారు అని పాత విద్యార్థులనే అడగాలి. అడగడం అమర్యాద కాదు.

ఎమ్మెస్సీ ముగిసిన నాటి నుండి ఫెలోషిప్పు చేతికందే దాకా ఏడాదికి పైగానే పట్టవచ్చు. మన స్కాలర్‌షిప్ పి.జి.తో ఆగిపోతుంది. పరీక్ష ఫీజు, పుస్తకాలు, ఇంటర్వ్యూలకు రైలు చార్జీ, ఈ చిన్న ఖర్చులకే వెనుదీసి పిల్లలు మార్గం మార్చుకుంటున్నారు. ఈ ఏడాది కాలానికి ట్రస్టు కొంత మొత్తం కేటాయించాలని కమిటీకి ఉత్తరం ఇచ్చాను. నిర్ణయం వచ్చేలోగా, నెట్ రాయదలచిన విద్యార్థులు ఎమ్మెస్సీ మార్కుల జాబితా నకలుతో ట్రస్టు ఆఫీసులో పేరు నమోదు చేసుకోగలరు. ఎంతమంది ఉన్నారో తెలిస్తే కమిటీవారికి లెక్క వేయడం సులువవుతుంది.