బరకాన్ని తినేది ఎండ ఒక్కటే కాదు

పల్నాడులో మిరప కల్లాల్లోనైనా, నరసరావుపేట, మాచర్ల బజార్లలో కొట్ల ముందు నీడకైనా బరకమే ఆసరా. అది చిరిగితే ఎండ తినేసిందంటాం. నిజమే, అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ పోగును పెళుసుబారుస్తాయి. కానీ తడిగా మడిచి మూలన పడేయడం చేసే చెరుపును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ప్లాస్టిక్ బూజుకు తిండి కాదు. దానికంటిన మట్టి, మిరప తొక్కలే తిండి. కాన్వాసైతే నూలుపోగే కుళ్లుతుంది. ఆ బూజు బరకం మీదే ఆగదు. ఆస్పర్‌జిల్లస్ బూజు తేమ కాయలకు పాకితే అఫ్లాటాక్సిన్ విషం పుట్టవచ్చు. కిలో ఎండుమిర్చిలో అది మొత్తం 10 మైక్రోగ్రాములు దాటితే యూరోపియన్ యూనియన్ అనుమతించదు.

అందుకే బరకాన్ని శుభ్రం చేసి, ఆరబెట్టి దాచాలంటే, ఏటా కొత్తది కొంటే పోలేదా అంటారు. కౌలు రైతుకు అదీ ఖర్చే. పాత ప్లాస్టిక్ ముక్కలు చేలో మట్టిలోనే మిగులుతాయి. కడగడానికి నీళ్లేవన్నది మరింత న్యాయమైన ప్రశ్న, వేసవి గురజాలలో మరీను. అయితే పని చాలావరకు పొడి చీపురుతోనే అయిపోతుంది. మరకలున్నచోట మాత్రం కాస్త సబ్బునీళ్లు, మెత్తని బ్రష్షు చాలు. బ్లీచింగ్, కిరోసిన్, ఇనుప పీచు వద్దు. అవి పైపూతను దెబ్బతీస్తాయి. రెండువైపులా నీడలో ఆరబెట్టి, చుట్ట చుట్టి, ఎలుకలకందకుండా ఎత్తున పెట్టాలి.