ప్రివ్యూ పడ్డాకే విడుదల

ఫిల్మ్ నగర్‌లో సినిమాని జనంలోకి వదిలేముందు ప్రివ్యూ థియేటర్లో ఒకసారి వేసి చూసుకుంటారు. ఆ వీధుల్లోని బేకరీల్లో పొంగే బ్రెడ్డు పిండిలో ఈస్ట్ కణం కూడా ఇలాగే చేస్తుంది. అది విడుదల చేసేది రైబోజోమ్‌ని, అంటే ప్రొటీన్లను తయారుచేసే యంత్రాన్ని. బాగా తిండి దొరికితే నిమిషానికి సుమారు 2,000 రైబోజోమ్‌లు! కణం గంటన్నర, రెండు గంటల్లో రెండుగా చీలిపోతుంది, ఒక్కో కణానికి దాదాపు 2 లక్షలు కావాలి మరి.

సామాను 4 ఆర్‌ఎన్‌ఏ పోగులు, 79 ప్రొటీన్లు, అంతే. కూర్చడానికి మాత్రం 200కు పైగా సహాయక ప్రొటీన్లు దిగుతాయి. పూర్తయిన రైబోజోమ్‌లో వాటిలో ఒక్కటీ మిగలదు. నన్ను కట్టిపడేసేది ఈ సంగతే. శ్లాబు గట్టిపడ్డాక సెంట్రింగ్ విప్పేసినట్టు, అన్నీ తప్పుకుంటాయి.

పని కణ కేంద్రకం లోపలి కేంద్రకాంశంలో మొదలవుతుంది. అక్కడ తయారయ్యే ఒక పొడవాటి ఆర్‌ఎన్‌ఏలోనే మూడు పోగులు కలిసి ఉంటాయి, నాలుగోది విడిగా వస్తుంది. ఆ పొడవాటి పోగు ఇంకా సాగుతుండగానే సహాయక ప్రొటీన్లు వచ్చి పట్టుకుంటాయి. యూ3 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ దానికి జతపడి, వేళ కాకముందే ముడిపడిపోకుండా ఆపుతుంది. అయితే యూ3 దానంతటది వదలదు. డీహెచ్ఆర్1 అనే ప్రొటీన్ కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి దాన్ని ఊడబీకాలి. ఏటీపీ అంటే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరాల్లో గుర్తించిన పదార్థమే. రైబోజోమ్ చిన్న ముక్క, పెద్ద ముక్క అని రెండు భాగాలుగా తయారవుతుంది; పెద్ద ముక్క దగ్గర ఇలా ఊడబీకే పని రియా1ది. సుమారు 4,900 అమైనో ఆమ్లాలున్న ఈ ప్రొటీన్ ఈస్ట్‌లోకెల్లా పెద్దది.

చిన్న ముక్క, పెద్ద ముక్క విడివిడిగా కేంద్రకం రంధ్రాల్లోంచి బయటికొస్తాయి. ప్రివ్యూ ఇక్కడే. ఇంకా పూర్తికాని చిన్న ముక్కకు పెద్ద ముక్క వచ్చి అతుక్కుంటుంది. చదవడానికి సందేశం లేదు, తయారయ్యే ప్రొటీనూ లేదు. అతుకు సరిగ్గా కుదురుతుందా లేదా అన్నదే పరీక్ష. 2012లో ఈ సంగతి బయటపడింది. కుదిరితే నాబ్1 అనే ప్రొటీన్ ఆర్‌ఎన్‌ఏ చివర మిగిలిన తోకను కత్తిరిస్తుంది. ఆ కత్తిరింపుతో చిన్న ముక్క పనికి సిద్ధం.

ఎర్రకణాలు పుట్టే మన ఎముక మజ్జలోనూ దాదాపు ఇదే పద్ధతి. ఆర్‌పీఎస్19 అనే ఒక్క రైబోజోమ్ ప్రొటీన్ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడినా కొందరు పసిపిల్లల్లో ఎర్రకణాలు తగ్గిపోతాయి. డైమండ్-బ్లాక్‌ఫాన్ రక్తహీనతకు ఇదొక కారణమని 1999లో తెలిసింది.