చురుకైన పిల్లలకు వేసవి శిక్షణ: ఎంత ఖర్చు పెట్టాలి?

పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే సహోద్యోగుల దగ్గర నుంచి నాకు ఒకటే ప్రశ్న: "మా వాడు క్లాసులో ముందుంటాడు, సెలవుల్లో ఏం చేయిస్తే బాగుంటుంది?" ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉండి, లెక్కల పుస్తకం దసరాకే ముగించి, మిగతా ఏడాదంతా విసుక్కునే పిల్లల సంగతి ఇది. మా అమ్మాయీ ఆ కోవలోదే. బదిలీ మీద భిలాయి వచ్చిన దగ్గర నుంచి ఈ విషయం మీద నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

పెద్ద యూనివర్సిటీ పేరు పెట్టుకుని, "మీ అమ్మాయి ఎంపికైంది" అంటూ ఉత్తరాలు వస్తుంటాయి. రెండు వారాల క్యాంపుకి లక్షల్లో ఫీజు. నేను వాటిని రుణ దరఖాస్తు చూసినట్టే చూస్తాను. పాఠం చెప్పేది ఎవరు? ప్రవేశానికి పరీక్ష ఉందా, లేక చెక్కు ఇస్తే చాలా? మొదటి రోజు చేతకానిది ఆఖరి రోజుకి ఏం చేతనవుతుంది? ఈ మూడింటికీ జవాబు రాకపోతే ఫైలు అక్కడితో మూసేయడమే.

ఇలాంటి శిక్షణకు పేరు తెచ్చినవాడు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ప్రొఫెసర్ జూలియన్ స్టాన్లీ. 1971లో మొదలుపెట్టిన అధ్యయనంలో ఆయన పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష పెట్టించాడు. తమ తరగతి పరీక్షలో అందరికీ నూటికి తొంభై అయిదు వస్తే తేడా తెలియదు. పై స్థాయి పరీక్ష పెడితేనే ఎవరికి ఏం నేర్పాలో తెలుస్తుంది. ఆ పద్ధతికి అమెరికా వెళ్లక్కర్లేదు, మన దేశంలో కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది.

లెక్కల ఒలింపియాడ్ తొలి మెట్టు ఐఓక్యూఎం. ఎనిమిదో తరగతి నుంచి రాయవచ్చు. మూడు గంటల్లో 30 ప్రశ్నలు, జవాబు ప్రతిసారీ ఒక సంఖ్యే. పిల్లలు దానికి గంటలకొద్దీ కుస్తీ పడతారు. సైన్సు ఇష్టమైన వారికి నవంబరులో జరిగే జూనియర్ సైన్స్ పరీక్ష, ఎన్‌ఎస్‌ఈజేఎస్ ఉంది. అందులోనూ, ఆ పై దశలోనూ నెగ్గిన కొద్దిమందికి ముంబైలోని హోమీ భాభా సెంటర్ ఆధ్వర్యంలో శిబిరం ఉంటుంది. అక్కడిదాకా వెళ్లేది చాలా తక్కువ మందే. కానీ పాత ప్రశ్నపత్రాలు, సమాధానాలు ఆ సెంటర్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి. రోజుకి రెండు లెక్కల చొప్పున వేసవి అంతా సరిపోతాయి.

ఇస్రో వారి 'యువిక' 2019లో మొదలైంది. తొమ్మిదో తరగతి పిల్లలకు. ఎంపికైతే మే నెలలో రెండు వారాలు ఇస్రో కేంద్రంలో ఉంటారు; రైలు చార్జీలు, బస, భోజనం ఇస్రోవే. ఎనిమిదో తరగతి మార్కులు, ఆన్‌లైన్ క్విజ్, ఒలింపియాడ్, సైన్స్ ఫెయిర్, ఆటలు, స్కౌట్స్ వంటివన్నీ లెక్కలోకి వస్తాయి. పల్లెటూరి స్కూళ్ల పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంది. గ్రామీణ శాఖల్లో పనిచేసే మిత్రులు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇక కోచింగ్ సెంటర్ల 'ఫౌండేషన్' బ్యాచ్‌లు. భిలాయిలో వీటి గాలి గట్టిగానే వీస్తుంది. తొమ్మిదో తరగతి పాఠాన్ని ఎనిమిదిలో చెబితే, వచ్చే ఏడాది విసుగు ఇంకాస్త ముందే మొదలవుతుంది తప్ప లాభం నాకు కనిపించలేదు. ముందుకు పరుగెత్తించడం వేరు, లోతుగా తవ్వించడం వేరు.

లోతుకి మంచి బడి ఈ ఊళ్లోనే ఉంది. టౌన్‌షిప్‌లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి, ప్లాంటులో పనిచేసి రిటైరైన తెలుగువాళ్లు ఎందరో. మా వీధిలో అలాంటి పెద్దాయన ఒకరిని అడిగాను. పోయిన వేసవిలో మా అమ్మాయి వారానికి రెండు సాయంత్రాలు వెళ్లి, "తాతగారూ, ఇనుము ఎలా చేస్తారు?" దగ్గర మొదలుపెట్టింది. దల్లీ రాజ్‌హరా గనుల ఖనిజం రైలుపట్టా అయ్యేదాకా ఆయన చెప్పారు. జవాబు ఒక్కసారిగా చెప్పేవారు కాదు, లెక్క ఇచ్చి పంపేవారు. హెమటైట్‌లో ఇనుము రెండు పరమాణువులు, ఆక్సిజన్ మూడు. పరమాణు భారాలు వేస్తే 160లో 112 ఇనుము, అంటే 70 శాతం. టన్ను ఇనుముకి స్వచ్ఛమైన హెమటైటే దాదాపు 1.43 టన్నులు కావాలి. మరి గనిలో రాయి అంత స్వచ్ఛంగా ఉండదు కదా, మిగతా మట్టి ఎక్కడికి పోతుంది? అక్కడి నుంచి సున్నపురాయి, స్లాగు, సిమెంటు దాకా వెళ్లింది కథ. స్కూల్లో ఆ రసాయన శాస్త్రం ఇంకా రెండేళ్లకు గానీ రాదు. మాకైన ఖర్చు ఒక నోట్‌బుక్కు, పెద్దాయనకి ఇష్టమని పంపిన పూతరేకులు.

ఇంట్లో కూర్చోలేని పిల్లలుంటే 'సీజన్‌వాచ్' చూడండి. వీధిలో ఒక చెట్టుని ఎంచుకుని వారంవారం ఆకు, పూత, కాయ నమోదు చేయాలి. దేశవ్యాప్త పరిశోధనకు ఆ వివరాలు ఉపయోగపడతాయి. ఫీజు లేదు. ఎండ ముదరకముందే, పొద్దున్నే వెళ్లమనండి.

రాయపూర్ సైన్స్ సెంటర్ ఒక ఆదివారానికి బాగుంటుంది. ఎల్‌ఎఫ్‌సీ వాడుకునే ఏడాదైతే హైదరాబాదు బిర్లా ప్లానెటోరియం, బెంగళూరు విశ్వేశ్వరయ్య మ్యూజియం దారిలో కలుపుకోవచ్చు.

తేదీల విషయంలో మాత్రం జాగ్రత్త. యువికకు వేసవికి ముందే, చలికాలం చివర్లో దరఖాస్తు చేసుకోవాలి. ఒలింపియాడ్ల నమోదు వర్షాకాలంలోనే మొదలవుతుంది, అదీ స్కూలు లేదా పరీక్షా కేంద్రం ద్వారా. మీ స్కూలు కేంద్రం కాకపోతే దగ్గరలోని కేంద్రీయ విద్యాలయంలో కనుక్కోండి. జూన్‌లో బడి తెరిచిన వారమే సైన్సు టీచరుని ఒకసారి కలిసి అడిగి రండి.