ఒక్కో పాటకు ఒక్కో కొలత

కొత్తగా విడుదలైన పాటల ఆల్బమ్ మీద అభిప్రాయం చెప్పేవారికి ముఖ్యంగా మూడు పనులుంటాయి. ఆ సంగీతం ఏ కోవకు చెందిందో గుర్తించాలి. ఆ కోవకు తగిన కొలతతోనే దాన్ని చూడాలి. చెప్పిన మాటకు పాటలోంచే రుజువు చూపాలి. మొదటిది తప్పితే తక్కిన రెండూ ఎంత జాగ్రత్తగా చేసినా ఫలితం ఉండదు. గుంటూరు మిర్చి యార్డులో తేజ రకానికి ఘాటు చూసి, బ్యాడిగి రకానికి రంగు చూసి ధర కడతారు; ఘాటు తక్కువని బ్యాడిగిని తీసిపారేసే వ్యాపారి ఉండడు. పద్యం, నాదస్వరం, బుర్రకథ, సినిమా పాట, క్రైస్తవ గీతం అన్నీ వినిపించే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సంగీత విమర్శకూ ఈ విచక్షణే ఆధారం.

వన్స్‌మోర్ తీర్పు

రికార్డుల మీద సమీక్షలు రాయడం అలవాటు కాకముందు ఈ ప్రాంతంలో పాటకు తీర్పు నాటకం పందిట్లోనే, అప్పటికప్పుడే వచ్చేది. పద్యం నచ్చితే జనం ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసేవారు. నటుడు చచ్చిపోయిన పాత్రలో ఉన్నా సరే, లేచి మళ్ళీ పాడక తప్పదని హాస్యానికి చెప్పుకునేంతగా ఆ అలవాటు పాతుకుపోయింది. గుంటూరులో స్థిరపడిన బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకం రాశారు. దాని కాటిసీనులోకి వినుకొండ కవి గుర్రం జాషువా పద్యాలు కూడా వచ్చి చేరాయి. రచయిత రాసిన ప్రతి ఒకటి, ప్రేక్షకులు కోరుకున్న ప్రదర్శన మరొకటి అయిందన్నమాట.

బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామ వేషంలో ఒకే పాటను రకరకాల భావాలతో విస్తరించి పాడేవారు. గుంటూరు జిల్లాలోనే పుట్టిన కల్యాణం రఘురామయ్య కృష్ణుడి వేషంలో పద్యంతో పాటు ఈలపాటా వినిపించి, ‘ఈలపాట’నే ఇంటిపేరు చేసుకున్నారు. ఇలాంటి నటుల విద్యలో సగం కంటికి సంబంధించింది. అది రికార్డులోకి ఎక్కితే ముఖం, చెయ్యి, నడక అన్నీ పోయి గొంతు ఒక్కటే మిగులుతుంది. రంగస్థలం మీద విన్న జ్ఞాపకంతో రికార్డును పొగిడినా, రికార్డు ఒక్కదాన్నే విని నటుణ్ణి తీసిపారేసినా ఆ విమర్శ దారి తప్పినట్టే.

మూడు నిమిషాల పద్యం

మన దేశంలో గ్రామఫోన్ రికార్డింగులు 1902లో కలకత్తాలో మొదలయ్యాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల లక్క పళ్ళెంలో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలకు మించి పట్టదు. నాటకంలో ఒక పద్యం చివర రాగం తీయడానికే అంత సమయం పట్టేది. కాబట్టి రికార్డుకు పాడేవారు రాగాన్ని కుదించుకోవాలి, మాటకు చోటివ్వాలి. పద్యం పాడే పద్ధతిలో వచ్చిన పెద్ద మార్పుకు ఈ ఇరుకు కూడా ఒక కారణం.

ఆ మార్పు దగ్గరగా చూడాలంటే ‘పుష్పవిలాపం’ మంచి ఉదాహరణ. దాన్ని రాసింది గుంటూరు జిల్లా కొమ్మూరులో 1912లో పుట్టి, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు చెప్పిన జంధ్యాల పాపయ్యశాస్త్రి, అంటే ‘కరుణశ్రీ’. పాడింది ఘంటసాల వెంకటేశ్వరరావు. మొదటి పద్యం ఉత్పలమాల: పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. పద్యంలో మాట ఒక పాదంలో మొదలై రెండో పాదంలో ముగియవచ్చు. పాదం చివర ఆగి రాగం తీసే గాయకుడి నోట్లో అలాంటి మాట రెండు ముక్కలవుతుంది. ఘంటసాల అర్థం ఎక్కడ పూర్తయితే అక్కడ ఆగుతారు; రాగాన్ని భావానికి సరిపడా మాత్రమే వాడతారు; పద్యాల మధ్య రెండు మాటల వచనంతో కథ నడిపిస్తారు. సూది మొనంత చోటులో పువ్వు గోడు వినిపించాలంటే ఇదే పద్ధతి.

దీని మీద రెండు అభిప్రాయాలు నిలబడ్డాయి. రంగస్థలం పద్యానికి అలవాటుపడ్డవారికి ఇందులో గొంతు విప్పి రాగం లాగే దమ్ము కనిపించలేదు. మాట తెలియాలని కోరుకున్నవారికి ఇదే పద్యానికి సరైన పాట అనిపించింది. రెండింటికీ ఆధారం ఉంది. విమర్శకుడు చేయాల్సింది ఏ కొలతతో చూస్తున్నాడో ముందే చెప్పడం.

ఎల్పీ రికార్డు వచ్చాక వైపుకు ఇరవై నిమిషాలకు పైగా చోటు దొరికింది. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశాక విడుదలైన ‘భగవద్గీత’ ఆ చోటును వాడుకున్న ఆల్బమ్. ఏడువందల శ్లోకాల గ్రంథం నుంచి వందకు పైగా శ్లోకాలు ఎంచుకుని, వాటికి తెలుగు తాత్పర్యం చెబుతూ సాగుతుంది. ఇలాంటి ఆల్బమ్‌లో ఒక్కో శ్లోకం ఎంత బాగుందన్నదానికంటే ఎంపిక, వరస, పాటకూ మాటకూ మధ్య పొత్తు ముఖ్యమవుతాయి.

నాదస్వరం, డోలు, మైకు

నాదస్వరం ఆరుబయట, గుడి ఊరేగింపులో దూరానికి వినిపించడానికి పుట్టిన వాద్యం. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. తర్వాత తమిళనాడుకు వెళ్ళి నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర తంజావూరు బాణీ సాధన చేసి శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఆయనకు 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు వచ్చాయి. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

ఈ కోవ ఆల్బమ్‌లో చూడాల్సినవి వేరు. రాగాలాపనకు తగినంత సమయం ఇచ్చారా, లేక కీర్తనలు ఎక్కువ పట్టించాలని ఆలాపనను కత్తిరించారా? శ్రుతి నిలకడగా ఉందా? డోలు దెబ్బ నాదస్వరాన్ని మింగేస్తోందా? గది గోడల మధ్య మైకును వాద్యానికి మరీ దగ్గర పెడితే గాలి కరుకుగా వినిపిస్తుంది. దూరం పెడితే గమకాల సన్నదనం పోతుంది. అది కళాకారుడి లోపం కాదు, రికార్డు చేసినవారిది. ఈ రెండింటినీ విడదీసి చెప్పని సమీక్ష విద్వాంసుడికి అన్యాయం చేస్తుంది.

బుర్రకథ క్యాసెట్లు

క్యాసెట్ వచ్చాక పెళ్ళిపందిరి, టీకొట్టు, ట్రాక్టరు అన్నీ సంగీత వేదికలయ్యాయి. బుర్రకథకు ఇది కలిసొచ్చింది, కొంత నష్టమూ చేసింది. ఈ కళకు పెద్ద పేరు తెచ్చిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లువారు. 1940ల్లో ప్రజానాట్యమండలి ద్వారా దాన్ని ఊరూరా తిప్పారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బుర్రకథలో నడుమ కథకుడు, పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం చెబుతారు. ఆ ఊరి సంగతి, ఆ వారం సంగతి కలిపి చెప్పే రాజకీయమే ప్రదర్శనకు ప్రాణం. క్యాసెట్‌లో అది ఒకసారి చెప్పిందే ఎప్పటికీ ఉండిపోతుంది. అందువల్ల బుర్రకథ ఆల్బమ్‌ను కథ నడక, వీరరసం పట్టు, వంతల సమయస్ఫూర్తి చూసి తూచాలి. శాస్త్రీయ గాత్రానికి వాడే స్వరశుద్ధి కొలత ఇక్కడ రెండో వరసలోనే ఉంటుంది.

సినిమా ఆల్బమ్

సినిమా పాట పాత్ర కోసం, సన్నివేశం కోసం పుడుతుంది. రేపల్లె ప్రాంతంలోని పల్లపట్లలో 1938లో పుట్టిన ఎస్. జానకి పసిపిల్ల గొంతుతోనూ పాడారు, ముసలమ్మ గొంతుతోనూ పాడారు. కచేరీ కొలత పట్టుకున్నవారికి అది గొంతు మార్చడం. సినిమా కొలతలో అది పాత్రపోషణ. నాజర్ ఊరైన పొన్నెకల్లులోనే పుట్టిన సంగీత దర్శకుడు చక్రవర్తి పాటల్లో కొన్ని మొదటి వారమే జనం నోట పడ్డాయంటే, వాటిలో సులువుగా పట్టుబడే ఎత్తుగడ ఉండటమే కారణం. అలాంటి పాటలో రాగవిస్తారం వెతకడం వృథా. ఎత్తుగడ కొత్తదా, పాతదానికి మారుబట్టా అన్నదే అడగాలి.

ఇప్పుడు సినిమా పాటలు ఒకటొకటిగా, సినిమాకు చాలాముందే విడుదలవుతున్నాయి. సమీక్షకుడు సన్నివేశం చూడకుండానే మార్కులు వేస్తున్నాడు. అందుకే విడుదల రోజు అభిప్రాయాన్ని సినిమా వచ్చాక మళ్ళీ చూసుకోవడం అవసరం. తెరమీద తేలిపోయిన మంచి పాటలూ, తెరమీదే ప్రాణం పోసుకున్న మామూలు పాటలూ తెలుగులో కొల్లలు.

అందరూ కలిసి పాడే పాట

గుంటూరు తెలుగు క్రైస్తవ సంగీతానికి ముఖ్య కేంద్రం. నగరంలోని హోసన్నా మినిస్ట్రీస్ ఏటా కొత్త పాటల ఆల్బమ్ విడుదల చేస్తుంది. వేలమంది ఒకేసారి గొంతు కలపాల్సిన పాటలో స్వరం మరీ పైకి వెళ్ళకూడదు, పల్లవి రెండుసార్లు వినగానే నోటికి రావాలి, చరణం మధ్య ఊపిరికి చోటుండాలి. స్టూడియోలో గాయకుడు ఎంత గొప్పగా పాడినా, సభలో జనం అందుకోలేకపోతే ఆ పాట తన పని చేయనట్టే. భజన పాటలకూ ఇదే న్యాయం.

మంచి సమీక్ష ఆనవాళ్ళు

ఏ కోవ అయినా మంచి సమీక్షలో కొన్ని సంగతులు కనిపిస్తాయి. ‘అద్భుతం’, ‘నిరాశపరిచింది’ వంటి మాటల పక్కన ఏ పాటలో, ఏ చోట అన్నది ఉంటుంది. రచన, బాణీ, గానం, వాద్యాల కూర్పు, ధ్వనిముద్రణ విడివిడిగా కనిపిస్తాయి. కంప్యూటర్‌తో సరిదిద్దిన శ్రుతి వల్ల గమకాలు చదునయ్యాయా, శబ్దం అంతా ఒకే ఎత్తులో పెట్టి చెవికి విశ్రాంతి లేకుండా చేశారా అన్నదీ గమనిస్తారు. మిరపకోతల్లో కూలీలు సెల్‌ఫోన్ స్పీకరులో వినే పాటను హెడ్‌ఫోన్‌లోనే విని తీర్పు చెప్పడం చాలదు, రెండింటిలోనూ వినాలి.

ఆల్బమ్‌కు ఇచ్చే నక్షత్రాల రేటింగ్ ఈ పనులన్నిటికీ చివర వచ్చే గుర్తు మాత్రమే. పద్యానికి మూడు, సినిమా పాటకు నాలుగు వేస్తే ఆ రెండంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. సమీక్షకుడు తన కొలత ఏదో చెప్పి, రుజువు చూపితే, అతనితో ఏకీభవించని పాఠకుడికి కూడా ఆ ఆల్బమ్ తనకు పనికొస్తుందో లేదో తెలిసిపోతుంది.