పాత లైను, కొత్త ఫోను: కొనే ముందు చూడవలసినవి



అర్ధరాత్రి కాన్పు నొప్పులు మొదలైతే ఆసుపత్రి ఫోను మోగాలి. ఇప్పుడు అనేక ఆసుపత్రులు, చర్చి ఆఫీసులు ఇంటర్నెట్ ద్వారా నడిచే ఫోన్లకు మారుతున్నాయి. పాత రాగి తీగ లైన్లను వీటితో కలిపే పెట్టెను గేట్‌వే అంటారు. దానిని కొనేవారు ఈ సంగతులు గమనించాలి.

1. సాకెట్లు: ఎక్స్ఛేంజి నుండి వచ్చే లైనుకు ఎఫ్.ఎక్స్.ఓ., వార్డులోని పాత ఫోనుకు ఎఫ్.ఎక్స్.ఎస్. సాకెట్ కావాలి. చూపుకు రెండూ ఒకటే. లైనును ఎఫ్.ఎక్స్.ఎస్.లో పెడితే పెట్టె పాడు కావచ్చు.

2. లెక్క: 4 లైన్లు, 8 ఫోన్లు ఉంటే 4 ఎఫ్.ఎక్స్.ఓ., 8 ఎఫ్.ఎక్స్.ఎస్. ఉండాలి.

3. ఎంగేజ్ టోను: అవతలివారు ఫోను పెట్టేసిన సంగతి గేట్‌వే గుర్తించకపోతే లైను అలాగే ఉండిపోతుంది. తరువాతి రోగికి ఎంగేజ్ వస్తుంది. కనుక మన దేశపు టోనుకు తగినట్లు సెట్ చేయించాలి.

4. కరెంటు: పాత ఫోనుకు ఎక్స్ఛేంజి నుండే సుమారు 48 వోల్టులు తీగలో వస్తాయి. అందుకే ఊరంతా చీకటైనా అది మోగుతుంది. గేట్‌వేకు ఆ వీలు లేదు. దానికీ, రూటరుకూ యు.పి.ఎస్. తప్పనిసరి. కరెంటు పోగానే ఒక ఫోనును నేరుగా పాత లైనుకు కలిపే పెట్టె దొరికితే మరీ మంచిది. ఆ ఫోనును క్యాజువాలిటీలో ఉంచాలి.

బిగించిన రోజే మెయిన్ స్విచ్ ఆపి, బయటి నుండి ఫోను చేసి చూడండి. బుద్ధిగల కన్యకలు నూనె ముందే సిద్ధపరచుకున్నారు కదా!